ఆపరేషన్ అయిన రోజే ఇంటికి పోవచ్చా?



లింగంపల్లిలో చాలామంది ఆడవాళ్లు కూలికి పోతారు. కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఇళ్లలో పనికి పోతారు. ఒక్క రోజు మానితే ఆ రోజు పైసలు రావు. ఇంట్లో పసిపిల్లలు ఉంటారు. దవాఖానలో ఒక్క రాత్రి ఉండాలన్నా కష్టమే. "చిన్న ఆపరేషనే కదా! సాయంత్రం ఇంటికి పోతే ఏమైతది?" అని అడుగుతారు.

అడగాల్సిన ప్రశ్నే. కాని అన్నిటికీ ఒకటే జవాబు లేదు.

కంటి శుక్లం ఆపరేషన్ అయితే సాధారణంగా అదే రోజు పంపుతారు. కాన్పు అట్లా కాదు. మామూలు కాన్పు అయినా 48 గంటలు దవాఖానలో ఉండాలి. రక్తం ఎక్కువగా పోయే ప్రమాదం మొదటి రోజే ఎక్కువ. సర్కారు దవాఖానలో కాన్పుకు, మందులకు, తిండికి పైసలు కట్టే పని లేదు. ఈ పథకం 2011లో వచ్చింది. దాని పేరు జననీ శిశు సురక్షా కార్యక్రమం.

మరి కుటుంబ నియంత్రణ ఆపరేషన్? పొట్టకు చిన్న రంధ్రం పెట్టి, గొట్టంతో చేసే ఆపరేషన్‌కు రాత్రి ఉండక తప్పదని లేదు. కాని కనీసం 4 గంటలు ఉండాలి. ఇది కేంద్ర ప్రభుత్వం పెట్టిన నియమం. పూర్తిగా తెలివి రావాలి. మూత్రం రావాలి. నడవగలగాలి. డాక్టరు చూసి పొమ్మన్నాకే పోవాలి.

మగవాళ్లకు చేసే ఆపరేషన్ ఇంకా సులువు. పొట్ట కోయరు. కొంచెంసేపు పడుకుని ఇంటికి పోవచ్చు. ఈ మాట ఇంట్లో చెప్పండి.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం సంగతి వినండి. అది కూడా రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. 2022 ఆగస్టు 25న అక్కడి సర్కారు దవాఖానలో 34 మంది ఆడవాళ్లకు ఒక్కరోజే ఈ ఆపరేషన్ చేశారు. రోజుకు 30 దాటవద్దని నియమం ఉంది. ఇట్లాంటి శిబిరాలు మూడేళ్లలో ఆపాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా శిబిరం పెట్టారు. ఆడవాళ్లకు క్రిములు సోకాయి. కొద్ది రోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. మిగిలినవాళ్లను హైదరాబాదు దవాఖానల్లో చేర్చారు.

క్రిములు సోకితే ఆ సాయంత్రమే తెలియదు. రెండు మూడు రోజులకు బయటపడుతుంది. కాబట్టి ఒక్క రాత్రి పడుకుంటే చాలదు. ముందు పరికరాలు శుభ్రంగా ఉండాలి. తరువాత వారం రోజులు ఒంటిని కనిపెట్టి చూసుకోవాలి.

జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరిగినా, వాంతులైనా, పొట్ట ఉబ్బినా, కుట్ల దగ్గర చీము, రక్తం కారినా ఆగకండి. "రేపు చూద్దాం" అనకండి. రాత్రయినా సరే, వెంటనే దవాఖానకు పోండి.

ఇంటికి వచ్చేముందు మూడు సంగతులు అడగండి. మందులు ఎట్లా వేసుకోవాలి? మళ్లీ ఏ రోజు రావాలి? కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి? వీటిని చీటీ మీద తెలుగులో రాసివ్వమనండి. అక్కడే చదవండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు.