అరగంట పాట



పాట యొక్క గొప్పతనము పాడువాని పాండిత్యమున నున్నదా, పదిమంది నోట నిలుచుటలో నున్నదా? ఇటీవల మా మనుమడు వినిపించిన యొక అమెరికా రికార్డు నాకీ ప్రశ్న పుట్టించినది.

న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతమున 1974లో నలుగురు యువకులు ఒక మేళముగా నేర్పడిరి. తోబుట్టువులు కాకపోయినను నలుగురును 'రమోన్' అను నొకే యింటిపేరు పెట్టుకొనిరి. ఆ కాలపు రాక్ సంగీతమున దీర్ఘములైన గిటారు వాదనములకు మన్నన మెండు. సామాన్యునకది అందని పండు. వీరు మూడు నాలుగు స్వరమేళనములతోనే పాటలు కట్టిరి. 1976 ఏప్రిల్ 23వ తేదీన వెలువడిన వారి తొలి సంపుటిలో 14 పాటలున్నవి. అన్నియు వినుటకు అరగంటయైనను పట్టదు. వ్యయము సుమారు 6,400 డాలర్లు. 'పంక్ రాక్' అను మార్గమునకు మూలస్తంభములలో నిది యొకటి.

వినగానే నా చెవులు హోరెత్తినవి. ఆలాపన లేదు, గమకము లేదు. కొన్ని మాటలు పిల్లలకు నేర్పదగినవి కావు. అయినను రెండవమారు వినునప్పుడు నా వ్రేళ్లు తమంతట దరువు వేయుచుండెను.

పుంగనూరు ఆవు ఎత్తు సుమారు మూడడుగులే. పాలలో వెన్న మాత్రము మిక్కుటము. ఎత్తు చూచి పశువును బేరమాడరాదని మన రైతెరుగును. మదనపల్లెలో 1919 ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరుగారు దివ్యజ్ఞాన కళాశాలయందు 'జనగణమన' పాడి వినిపించిరి. మార్గరెట్ కజిన్స్ గారు దానికి స్వరలిపి కూర్చిరి. నేడది జాతీయగీతము. పాడుటకు పట్టు కాలము సుమారు 52 సెకండ్లు. సంగీతము నేర్వని కూలివాడును గొంతు కలుపగలడు. ఆ గీతమునకును ఈ హోరునకును భావమున సామ్యము లేదు. పదిమందిని పాడించు గుణమొక్కటే సామ్యము.

ఆ రికార్డు తొలుత స్వల్పముగనే అమ్ముడుపోయినది. కాని దానిని విన్న యువకులు పలువురు "మనమును పాడగలము" అని ధైర్యము తెచ్చుకొని సొంత మేళములు కట్టిరి. అయిదు లక్షల ప్రతుల అమ్మకమునకు గుర్తింపు 2014లో లభించినది. అప్పటికి నలుగురిలో ముగ్గురు గతించిరి. నాల్గవవాడును ఆ జూలై మాసముననే కన్నుమూసెను.

నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో ఒక బాలుడు బల్లపై దరువు వేయుచు కూనిరాగము తీయుచుండగా, "శ్రుతి లేదు, లయ లేదు, నోరు మూయుము" అని గద్దించితిని. వాడు మరల భజనకు రాలేదు. నాటి నా పాండిత్యము ఒక గొంతును నొక్కివేసినది.

కావున పెద్దలకు నా మనవి. మదనపల్లె చెంతనైనను, పుంగనూరు చెంతనైనను, మూడు భాషలు వినవచ్చు కుప్పము సీమయందైనను, మీ యూరి పిల్లలు రామమందిరపు టరుగుపై చేరి అపశ్రుతిగా పాడుచున్నచో తరిమివేయకుడు. ముందొక అరగంట వినుడు. తప్పులు దిద్దుటకు రేపున్నది. వారు పాడుట మానినచో దిద్దుటకేమియు మిగులదు.