డేగతో పొలమునకు



విదేశానుభవములను గురించి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. వంతెనలను, మ్యూజియములను గురించి మీరెల్లరు వినియే యుందురు. కావున లండనులో మన హైకమిషను కొలువున నున్నప్పుడు, ఒక శీతకాలము డేగవేట నేర్వబోయి నేను పడిన పాట్లు మనవి చేసెదను.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1485లో విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహుని ఇంటిపేరునందలి సాళువ వేటడేగయే. కుమావూను ప్రభువు రుద్రదేవుడు సంస్కృతమున శ్యైనికశాస్త్రమనియే ఒక గ్రంథము రచించెను. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప మన దేశమున డేగను పట్టుట నేరము. ఇంటికి పోయి పిల్లలెవ్వరును ప్రయత్నింపరాదు.

నా గురువు ఒక పల్లెలోని వృద్ధుడు. పక్షి ఆయనదే, అమెరికా ఖండములకు చెందిన హారిస్ డేగ, మగది. శని, ఆదివారములందు నేను పోయి నేర్చుకొనెడివాడను. తోటలో ఈల వేయగనే అది వచ్చి నా తోలు చేతితొడుగుపై వ్రాలి మాంసపు తునుక తినెడిది. ఆరు వారములకే విద్య పట్టుబడెనని తలచితిని.

పొలమునకు పోవుదినమున పక్షిని తూచవలెను. దాని వేటబరువు 650 గ్రాములు. ఆ శనివారము 680 తూగెను. "ఆకలి లేదు, నేడు వలదు" అని గురువుగారనిరి. అంత దూరము రైలులో వచ్చితినే యని బ్రతిమాలితిని. ఆయన కొంతసేపు మాటాడక, పక్షికాలికి చిన్న రేడియో పరికరము కట్టి బయలుదేరిరి.

కంచెలోనుండి కుందేలు లేచినది. డేగ నాలుగు రెక్కలు కొట్టి, గాలివాలున పోయి ఎత్తైన ఓకుచెట్టుపై కూర్చుండెను. ఈల వేసితిని, మాంసము చూపితిని. కార్యాలయమున నేను గంట కొట్టినచో ఇద్దరు లేచి వచ్చెడివారు. ఇది తల యైనను త్రిప్పలేదు. కోపమున కేకలు వేయుచు చెట్టుకడకు పరుగెత్తబోగా గురువుగారు చేయి పట్టి ఆపిరి. "కుక్క యజమానికి జడియును. డేగకు నీవు యజమానివి కావు. నీవద్ద తిండి దొరకునని మాత్రమే దానికి తెలియును. భయపెట్టితివా, ఆ నమ్మికయు పోవును."

నాలుగు గంటలకే చీకటి పడెను. ఆ రాత్రి ఆయన ఇంటనే యుంటిని, నిద్ర పట్టలేదు. కాళ్ళ తోలుపట్టీలు కొమ్మకు చిక్కుకొన్నచో పక్షి తలక్రిందుగ వ్రేలాడి చచ్చును. ఆయన నన్నొక్క మాటయు అనలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

తెల్లవారకమునుపే మంచులో పోయితిమి. రేడియో దారి చూపెను గాని, ముందుగ వినవచ్చినది దాని కాలిమువ్వ. తొలి ఈలకే వచ్చి చేతిపై వ్రాలెను. నా చేయి వణకినది చలికని ఆయనతో చెప్పితిని.

ఆ ఉదయముననే ముండ్లపొదలయొద్ద కుందేలును పట్టెను. నేను మరల పరుగెత్తితిని. మరల గురువుగారే ఆపిరి. దొంగవలె పైబడినచో మరునాటినుండి ఎరను ఈడ్చుకొని పారిపోవునట. ఆయన మోకరిల్లి, మెల్లగ జరిగి, కుందేలు బాధను క్షణములో ముగించి, చేతితొడుగుపై మాంసము చూపిరి. డేగ తానై దానిపైకి అడుగువేసిన పిదపనే కుందేలును సంచిలో దాచిరి.

ఆ శీతకాలమంతయు మాకు చిక్కినవి మూడే కుందేళ్ళు. మా ఇంట శాకాహారము, అవి గురువుగారివే. ప్రతి ఆదివారము నేను ఇంటికి తెచ్చిన బురదను గురించి మా ఇంటావిడ మీకు వేరుగ చెప్పగలదు.