నీరు కారుట తెలుపు చవుక సాధనము

దేవరకొండ సీమ రాతినేల. ఇక్కడ నీరు సులభముగా దొరకు వస్తువు కాదు. దొరకిన బోరు నీటిలోనైనను ఫ్లోరైడు అధికముగా నుండుట నల్లగొండ జిల్లా ప్రజలు తరతరములుగా అనుభవించిన బాధ. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఈ కారణముచేతనే ఊరూర నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రములు వెలసినవి. నాగార్జునసాగరపు కృష్ణాజలము పుట్టంగండి వద్ద ఎత్తిపోయబడి అక్కంపల్లి జలాశయమునకు చేరుచున్నది. ఇంత ప్రయాసతో సంపాదించిన నీరే చుక్కచుక్కగా కారి, దానిని మనకందించు యంత్రమును చెఱచినచో, నష్టము యంత్రముతో ఆగదు. ఆ పూట త్రాగునీటికే కొఱత ఏర్పడును.

పెద్ద యంత్రములకు సైతము ఈ ప్రమాదము తప్పలేదు. 2020 అక్టోబరులో, పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఎల్లూరు వద్ద, కల్వకుర్తి ఎత్తిపోతల పథకపు భూగర్భ పంపుగృహములోనికి నీరు చొచ్చి మోటార్లు మునిగినవి. అంతటి జలప్రవాహమును చిన్న గంట ఆపజాలదు. అయినను మన ఇంటిలోని ఇన్వర్టరు, పంపు స్టార్టరు, ఆర్.ఓ. యంత్రము, దుకాణములోని కంప్యూటరు—వీనికి కలుగు ప్రమాదము చాలవఱకు చిన్న చెమ్మతోనే ఆరంభమగును. దానిని మొదటనే తెలిసికొన్నచో నివారణ సులభము.

ఇందుకై విద్యుత్ సామానుల అంగళ్లలో చవుక సాధనములు లభించుచున్నవి. వీనిలో మిక్కిలి సామాన్యమైన దానికి రెండు లోహపు మొనలు, ఒక బాటరీ, ఒక బజరు ఉండును. మొనల నడుమ నీరు చేరినప్పుడు స్వల్పమైన విద్యుత్తు ప్రవహించి బజరు మ్రోగును. చూచుటకు అన్నియు ఒకే తీరుగా నుండును. మఱి దేనిని ఎన్నుకొనవలెను?

మొదట ఆలోచింపవలసినది ధర కాదు, అచ్చట కారబోవు నీరు ఎట్టిదన్న సంగతి. విద్యుత్తును ప్రవహింపజేయునది ముఖ్యముగా నీటిలో కరగిన లవణములే. మన బోరు నీటిలో లవణములు మెండు. కావున ఎంత చవుక సాధనమైనను దానిని వెంటనే పసిగట్టును. ఆర్.ఓ. యంత్రము నుండి వెలువడు మంచినీటిలో అవి చాల తక్కువ. ఎ.సి. నుండి జారునది గాలిలోని తేమ చల్లబడి నీరైనదే కనుక, అందును లవణములు స్వల్పమే. బాటరీలో పోయు డిస్టిల్డు వాటరులో దాదాపు ఉండవు. బోరు నీటికి గట్టిగా మ్రోగిన సాధనము శుద్ధజలమునకు మౌనము వహించుట ఈ కారణముచేతనే. కావున ఆర్.ఓ. యంత్రము క్రింద ఉంచదలచినవారు, ఆ యంత్రపు నీటినే చిన్న సీసాలో అంగడికి తీసికొనిపోయి, ఒక మూతలో పోసి, మొనలను ముంచి చూడవలెను. మ్రోగనిచో అది ఎంత చవుకైనను మనకు పనికిరాదు. పొడిగుడ్డతో తుడిచిన పిమ్మట మ్రోత ఆగవలెను. ఆగనిది ఊరక భయపెట్టును.

రెండవది మొనల మన్నిక. డి.సి. విద్యుత్తు తడిలో ఎడతెగక ప్రవహించినచో లోహము క్రమముగా తినివేయబడును. పైపూత లేని రాగి గీతల పలకలు తేమగల చోట త్వరగా చెడును. స్టెయిన్‌లెస్ స్టీలు మొనలు మేలు. విద్యుత్తును ఎడతెగక పంపక, అప్పుడప్పుడు క్షణకాలము మాత్రమే పంపి పరీక్షించు సాధనములు ఇంకను మేలు.

మోటారు ఉన్న గుంటలో నీటిమట్టము పెరుగుట తెలియవలెనన్న తేలుడు స్విచ్చి తగినది. అది నీటితోపాటు పైకి లేచి పనిచేయును గనుక లవణములతో దానికి నిమిత్తము లేదు. అయితే కొంత లోతు నీరు చేరినగాని కదలదు. గోడ పొడవునను పైపులున్నచోట త్రాడువంటి సాధనము ఉపయోగించును. అది పొడవంతట ఎక్కడ తడిసినను తెలుపును, వెల మాత్రము హెచ్చు.

ఇక ఉంచవలసిన చోటు. యంత్రము ఎదుట కాక, నేల వాలు ఎటున్నదో చూచి అటు ఉంచవలెను. చెంబెడు నీరు పోసినచో వాలు తానే తెలియును. అట్లు పోయునపుడు విద్యుత్తును ఆపి, ప్లగ్గులను, తీగలను దూరముగా నుంచుట అవసరము. మొనలు నేలకు దాదాపు తాకుచుండవలెను.

టెలిఫోనునకు సందేశము పంపు సాధనములును కలవు. ఇల్లు విడిచి పోవువారికి అవి ఉపకరించును. కాని కరెంటు పోయి వైఫై పెట్టె ఆగినచో సందేశము రాదు. కావున బాటరీతో మ్రోగు గంట కూడ ఉండుట క్షేమము. వినువారు లేని చోట గంట మ్రోగి ప్రయోజనము లేదు. దుకాణము మూసిన పిదప ప్రక్కవారికైనను దాని సంగతి చెప్పియుంచవలెను.

గంట మ్రోగినంతనే తడినేలపై పరుగెత్తి యంత్రమును తాకరాదు. పొడిచోట నిలిచి మెయిను స్విచ్చిని ఆపవలెను. స్విచ్చి ఉన్న చోటనే నీరు నిలిచియున్నచో దానిని సమీపింపక విద్యుత్ సిబ్బందిని పిలువవలెను. విద్యుత్తు ఆగిన తరువాతనే నీటి కుళాయిని కట్టి, కారుచున్న చోటును వెదకవలెను.

నెలకొకసారి అదే నీటి చుక్కలతో మొనలను తడిపి చూచి, తుడిచి, మ్రోత తగ్గినచో బాటరీని మార్చుట మఱువరాదు. ఈ పనిని ఇంటిలో ఒకరికి అప్పగించినచో తప్పక జరుగునని మా మనవి.