పెద్దదా? చిన్నదా? సమానమా?

(నిరంతర విద్యా కేంద్రంలో చేసిన ప్రసంగం)



మీరు పలక మీద > < = గుర్తులు నేర్చుకున్నారు. "ఇవి మనకెందుకమ్మా? సంతలో పనికొస్తాయా?" అని ఒకామె అడిగారు. మంచి ప్రశ్నే. అందుకే పోయిన వారం ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాను. ఆ రోజు రానివారి కోసం మళ్ళీ చెప్తాను.

కంప్యూటరులో స్క్రాచ్ అని ఒకటుంది. పిల్లల కోసం తయారుచేశారు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద విద్యాసంస్థ వాళ్ళు 2007లో అందరికీ ఇచ్చారు. డబ్బు కట్టక్కర్లేదు. అందులో రంగురంగుల ముక్కలుంటాయి. ఒకదాని కింద ఒకటి తగిలిస్తే కంప్యూటరు ఆ వరుసలో పని చేస్తుంది.

అందులో ఒక ఆకుపచ్చ ముక్క ఉంది. దానికి ఆరు మూలలు. రెండు గళ్ళు. నడుమ > గుర్తు. ఎడమ గడిలోని అంకె కుడి గడిలోని అంకె కంటే పెద్దదా? దీనికి అవును అంటుంది, లేదా కాదు అంటుంది. ఇంకేమీ అనదు.

మనం ఓటు సంగతి పెట్టాం. 1989కి ముందు 21 ఏళ్ళు నిండితేనే ఓటు. ఆ ఏడాది నుంచి 18 నిండితే చాలు. ఎడమ గడిలో వయసు. కుడి గడిలో 18. అవునంటే "ఓటు ఉంది", కాదంటే "ఓటు లేదు" అని రావాలి.

మన చెల్లెలు ఒకామె వచ్చి 18 కొట్టింది. "ఓటు లేదు" అని వచ్చింది!

"నాకు మొన్ననే 18 నిండాయి. ఎందుకు లేదంటది?" అని ఆమె చిన్నబుచ్చుకుంది. వెనక నుంచి ఎవరో, "కంప్యూటరు చెప్పిందంటే నిజమే అయ్యుంటది" అన్నారు.

ఆ మాటకు నాకు భయమేసింది. అక్కా, అక్కడ > గుర్తు పెట్టిందెవరు? నేనే! 18 కంటే 18 పెద్దదా? కాదు. కంప్యూటరు తప్పు చెప్పలేదు. నేను అడిగిందే తప్పు. "నిండిన" అన్న మాటలో సమానం కూడా ఉంది. దాన్ని నేను వదిలేశాను.

స్క్రాచ్‌లో "పెద్దది లేదా సమానం" అనే ముక్క విడిగా లేదు. అందుకని తిప్పి అడిగాం. వయసు < 18 అని పెట్టాం. అవునంటే ఓటు లేదు. కాదంటే ఉంది. ఆ చెల్లెలు మళ్ళీ 18 కొట్టింది. ఈసారి ఓటు వచ్చింది. మీరంతా చప్పట్లు కొట్టారు.

తర్వాత ఇంకో చిత్రం జరిగింది. ఒక పెద్దామె మనుమరాలి వయసును "9 ఏళ్ళు" అని మాటతో సహా కొట్టింది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఓటు వచ్చేసింది! ఎంత నవ్వుకున్నామో! అంకె పక్కన మాట చేరితే అది దాన్ని అంకెగా చూడదు. అక్షరాల వరుసలో చూస్తుంది. 18లో మొదటిది 1. ఇక్కడ మొదటిది 9. 9 తర్వాత వస్తుంది కాబట్టి అదే పెద్దదనుకుంది. గడిలో ఉత్త 9 పెడితే సరిగ్గానే చెప్పింది.

వచ్చే వారం ఇంకో లెక్క చేద్దాం. చట్టం ప్రకారం 60 ఏళ్ళు, ఆ పైన ఉన్నవారు వృద్ధులు. ముక్క మీరే పెట్టాలి. మొదట 59 కొట్టండి. తర్వాత 60. తర్వాత 61. అరవై దగ్గర ఏమొచ్చిందో నాకు చెప్పాలి.