కండె చుట్టే చేతికి ఒక కత

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నూలు ధర, కూలి, సంఘం బాకీలు. మన సభల్లో ఎప్పుడూ మాట్లాడుకునేవి ఇవే, మాట్లాడుకోవాల్సినవీ ఇవే. వాటి గురించి పెద్దలు చెప్పినారు. మాకిచ్చిన పది నిమిషాల్లో మేము పుస్తకాల గురించి చెప్తాము. "గుంత మగ్గంలో కూర్చునేవానికి పుస్తకం ఎందుకప్పా?" అని మమ్మల్ని అడిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు జవాబు చెప్పాలనే వచ్చినాము.

మేమంటే వేలూరు, గుడియాత్తంలో ఉండే కొందరు స్నేహితులం. మాలో నేసేవాళ్ళు ఉన్నారు, లుంగీల వ్యాపారం చేసేవాళ్ళు ఉన్నారు, బడిలో పాఠాలు చెప్పేవాళ్ళూ ఉన్నారు. చదివిన పుస్తకం గురించి ఒకరికొకరం చెప్పుకోవడం మా అలవాటు. కొందరికి తెలుగు అక్షరాలు వచ్చు, కొందరికి తమిళ అక్షరాలు మాత్రమే వచ్చు. ఇంట్లో మాట్లాడేది మాత్రం అందరమూ తెలుగే.

మన సంగతి ఇట్లే కదా ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతిగా తమిళం తప్పనిసరి అయింది. దాని గురించి వాదించడానికి మేము రాలేదు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దాన్ని బాగా చదవాల్సిందే. అయితే తాత చదివిన తెలుగు పుస్తకాన్ని మనవడు చదవలేకపోతే దానికి ఇంట్లో చోటుండదు. ఇల్లు మారే రోజు అది పాత పేపర్ల అంగడికి కిలోల లెక్కన పోతుంది. పుస్తకంతోపాటు అంచుల్లో తాత రాసుకున్న పుట్టినరోజులు, అప్పు పద్దులు, పెండ్లి పాటలు కూడా పోతాయి. ఆ పాటలు పాడే అవ్వ కూడా లేకపోతే మళ్ళీ యాడ తెచ్చుకుంటాము?

మా స్నేహితుల మధ్య తిరిగిన పుస్తకాలు కొన్ని చెప్తాము.

మొదటిది నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన 'పచ్చనాకు సాక్షిగా'. "తెలుగు పుస్తకం మాకు అర్థం కాదు, అది గుంటూరు తెలుగు" అనేవాళ్ళకు మేము ముందు ఇచ్చేది ఇదే. చిత్తూరు జిల్లా పల్లె మాటల్లో ఉంటుంది. చిత్తూరు మనకు పక్కూరే కదా. పైకి చదివితే మన అవ్వ మాట్లాడినట్టే వినిపిస్తుంది. మన ఇంటి మాటకు అచ్చులో చోటుందని దాన్ని విన్నవాళ్ళకు తెలుస్తుంది.

రెండోది తమిళ నవల. తొ.ము.సి. రఘునాథన్ 1953లో రాసిన 'పంజుం పసియుం'. అంటే పత్తీ ఆకలీ. తిరునెల్వేలి వైపు చేనేతవాళ్ళు నూలు దొరక్క పడిన పాట్లు అందులో ఉన్నాయి. యూరప్‌లోని చెక్ భాషలోకి కూడా పోయింది ఆ నవల. ఎక్కడో చెక్ దేశంవాళ్ళు చదివినారు, మన వీధిలో చాలామందికి దాని పేరే తెలియదు.

మూడోది ఎం.వి. వెంకట్రామ్ రాసిన 'వేళ్వి తీ'. కుంభకోణంలోని సౌరాష్ట్ర నేతవాళ్ళ కత. ఆయన ఇంటి భాష సౌరాష్ట్రం, రాసింది తమిళంలో. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉండే సంకటం మన ఒక్కరిదే కాదని ఆ పుస్తకం మాకు తెలిపింది. తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ కూడా 'గోపల్ల గ్రామం' తమిళంలోనే రాసినారు. మన పెద్దల మాదిరే తెలుగు నేల విడిచి దక్షిణానికి వచ్చినవాళ్ళ కత అది.

పిల్లలకైతే చందమామ. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులో 'చందమామ', తమిళంలో 'అంబులిమామా' కలిసే మొదలైనాయి. రెండిట్లోనూ అవే బొమ్మలు, అవే కతలు. మనవరాలు తమిళంలో చదివిన కతను అవ్వ తెలుగులో చెప్పవచ్చు. పాత సంచికలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి.

పుస్తకం గురించి చెప్పేటప్పుడు మేము పాటించే పద్ధతులు మూడు. ఒకటి, "చాలా బాగుంది" అని ఊరుకోము. అందులోని ఒక సంగతి చెప్తాము. ఆ సంగతే చదివిస్తుంది. రెండు, ఎవరికి చెప్తున్నామో చూసి చెప్తాము. అప్పుల్లో ఉండేవానికి ముందు నవ్వించే పుస్తకం ఇస్తాము. మూడు, చదవలేనివాళ్ళకు చదివి వినిపిస్తాము. కండెలు చుట్టేటప్పుడు చేతికి పని ఉంటుంది, చెవికి తీరిక ఉంటుంది. పవర్లూమ్ షెడ్డులో పక్కవాని మాటే వినపడదు. అందుకని వాళ్ళకోసం ఫోన్‌లో చదివి రికార్డు చేసి పంపుతాము, రాత్రి అన్నం తిన్నాక వింటారు. విన్నదీ చదివిన లెక్కే.

ఇంక మీకు మా మనవి నాలుగు మాటల్లో.

పాత తెలుగు పుస్తకాలు అమ్మకముందు అక్షరం వచ్చినవాళ్ళకు ఒకసారి చూపించండి. చేత్తో రాసిన కాగితం కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి.

పిల్లలకు అక్షరాలు నేర్పండి. తెలుగు అక్షరాలు 56. రోజుకు రెండు నేర్పితే 28 రోజులు. తమిళం వచ్చిన బిడ్డకు అ, ఆ, ఇ, ఈ వరస ముందే వచ్చు. తమిళంలో క, గ రెండిటికీ ఒకే అక్షరం, మనకు వేరువేరు. ఇట్లాంటివి కొన్ని తెలిస్తే చాలు, ఆ తర్వాత గుణింతాలు వాళ్ళే పట్టుకుంటారు.

గ్రంథాలయానికి పోండి. 1948లోనే మద్రాసులో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్నూ కడతా ఉన్నాము. తెలుగు పుస్తకాలు కావాలని అడిగే హక్కు మనకుంది. పదిమంది కలిసి రాసి అడిగితే ఆ మాటకు బరువుంటుంది.

చివరగా, ఇంటికొక పుస్తకం పేరు మన సమాఖ్యకు చెప్పండి. తెలుగైనా సరే, తమిళమైనా సరే. ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు చేర్చండి. వచ్చే ఏడాది సంచికలో ఆ పేర్లన్నీ ఒకచోట వేసుకుందాము.

పడుగు మన తెలుగు, పేక మన తమిళం. ఏ ఒక్కటితోనూ గుడ్డ కాదు. తమిళ పేకను బడి ఎట్లాగూ అందిస్తుంది. తెలుగు పడుగు తెగకుండా చూసుకోవాల్సింది మన ఇళ్ళే.