మాడ్యూల్ దాచింది ఫైల్ చెప్పాలి



2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ మార్కెట్ తెరిచిన ముప్పావు గంటలో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. అంతకు కొద్ది రోజుల ముందు ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ ఎక్కించారు. ఏడింటిలో ఎక్కింది, ఎనిమిదోది మిగిలిపోయింది. 2003 నుంచి వాడకంలో లేని పాత కోడ్ ఒకటి ఆ సర్వర్‌లో ఇంకా అలాగే ఉంది. కొత్త కోడ్‌ను నడపడానికి ఎంచుకున్న ఫ్లాగ్ ఒకప్పుడు ఆ పాత కోడ్‌ను నడిపిన ఫ్లాగే. దాంతో మార్కెట్ తెరవగానే పాత కోడ్‌కు ప్రాణం వచ్చింది, ఆపేలోగా 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. ఒకరు ఎక్కించిన కోడ్‌ను మరొకరు సరిచూడాలన్న నియమం ఆ సంస్థలో రాతపూర్వకంగా లేదని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో నమోదు చేసింది.

సాఫ్ట్‌వేర్ పనిలో తెలివి చాలావరకు ఇలా నోటిమాటగానే నడుస్తుంది. ఏ ఫ్లాగ్ ముట్టుకోకూడదో, ఏ టేబుల్‌లో తేదీలు తప్పుగా ఉన్నాయో పక్క సీటులోని సీనియర్‌కు తెలుసు. కొత్తగా చేరినవారు అడిగి తెలుసుకునేవారు. ఇప్పుడు ఆ పక్క సీటులోకి ఏఐ కోడింగ్ అసిస్టెంట్ వచ్చింది. దానికి ఎన్నో ప్రోగ్రామింగ్ భాషలు వచ్చు, ఆ ఆఫీసు సంగతి ఒక్కటీ తెలియదు.

మీటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ప్రచురించిన అధ్యయనం దీన్ని బాగా పట్టి చూపింది. తమ ప్రాజెక్టుల్లో ఏళ్లుగా పనిచేస్తున్న 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులు ఇచ్చి, కొన్నింటికి ఏఐ వాడనిచ్చారు, కొన్నింటికి వద్దన్నారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. చేసినవారు మాత్రం 20 శాతం వేగంగా ముగించామనే అనుకున్నారు! ఆ ఏడాది మొదట్లో ఉన్న పరికరాలతో, పెద్ద ప్రాజెక్టుల మీద చేసిన పరీక్ష అది. అన్నిచోట్లా ఇదే జరుగుతుందని చెప్పలేం. అయినా పరిశోధకులు చూపిన కారణాల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా గమనించాలి: ఆ ప్రాజెక్టు గురించి మనుషుల మనసులో ఉండి ఎక్కడా రాయని సంగతులు అసిస్టెంట్‌కు అందలేదు.

ఆ లోటు తీర్చడానికి వచ్చినవే స్కిల్ ఫైళ్లు. ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ 2025 అక్టోబర్‌లో ఈ పద్ధతిని ప్రకటించింది, డిసెంబర్‌లో ఎవరైనా వాడుకునే బహిరంగ ప్రమాణంగా విడుదల చేసింది. చూడటానికి చాలా చిన్న సంగతి. ఒక ఫోల్డర్, అందులో స్కిల్ డాట్ ఎండీ అనే మామూలు టెక్స్ట్ ఫైల్. ఫైల్ తలభాగంలో స్కిల్ పేరు, అది ఎప్పుడు పనికొస్తుందో చెప్పే వివరణ ఉంటాయి. కింద మామూలు మాటల్లో పని చేయాల్సిన తీరు. అవసరమైతే పక్కనే చిన్న స్క్రిప్టులు, నమూనాలు. అసిస్టెంట్ మొదట అన్ని ఫైళ్ల తలభాగం మాత్రమే చదువుతుంది. చేతిలోని పనికి సరిపోయేది కనబడితేనే లోపలి భాగం తెరుస్తుంది, ఇంకా అవసరమైతేనే మిగతా ఫైళ్ల జోలికి పోతుంది. ఒకేసారి దాని ముందు పెట్టగల పాఠానికి హద్దు ఉంది కాబట్టి ఈ ఏర్పాటు. అందుకే ఆ వివరణ వాక్యం మీద ఎంత శ్రద్ధ పెట్టినా వృథా కాదు. ‘తెలుగు టెక్స్ట్ కోసం’ అని రాసి వదిలేస్తే అసలు సమయానికి ఆ ఫైల్ తెరుచుకోకపోవచ్చు. ‘తెలుగు మాటలను లెక్కపెట్టేటప్పుడు, కత్తిరించేటప్పుడు, అకారాది క్రమంలో పెట్టేటప్పుడు, ఎస్సెమ్మెస్‌గా పంపేటప్పుడు’ అని రాస్తే తెరుచుకునే అవకాశం చాలా ఎక్కువ.

లోపల ఏం రాయాలి? 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ రాసిన వ్యాసం ఇక్కడ దారి చూపుతుంది. ప్రోగ్రామ్‌ను పని జరిగే వరుసను బట్టి ముక్కలు చేయడం సరికాదని, రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్‌లో దాచాలని ఆయన వాదించాడు. అలా చేస్తే ఆ నిర్ణయం మారినా మిగతా మాడ్యూళ్లకు సెగ తగలదు. ఇంజినీరింగ్ చదివినవారికి ఇది తెలిసిన పాఠమే. అయితే పక్క మాడ్యూల్‌కు తెలియనక్కర్లేని ఆ నిర్ణయం, మాడ్యూల్‌ను కొత్తగా కట్టేవారికి తెలిసి తీరాలి. ఎందుకలా చేశారు, ఇంకోలా చేస్తే ఏం చెడుతుంది అన్నది కోడ్ చెప్పదు. స్కిల్ ఫైల్ చెప్పాల్సింది అదే. ‘శుభ్రమైన కోడ్ రాయి’, ‘తప్పులు లేకుండా చూడు’ లాంటి హితవులతో నిండిన ఫైళ్లు చాలా కనిపిస్తున్నాయి. అవి చోటు తినడం తప్ప చేసేదేమీ లేదు.

తెలుగువారికి బాగా దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. తెలుగులో ఎస్సెమ్మెస్ పంపే మాడ్యూల్ కట్టమని అసిస్టెంట్‌ను అడిగారనుకోండి. ఏమీ చెప్పకపోతే ఒక మెసేజ్‌కు 160 అక్షరాలని అది లెక్క వేసుకోవచ్చు. ఇంగ్లీషుకు ఆ లెక్క సరే. తెలుగు లిపిలో పంపితే హద్దు 70. దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలవుతుంది, ఖర్చు పెరుగుతుంది. పైగా ఆ 70 మనం బళ్లో నేర్చుకున్న అక్షరాలు కావు. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైథాన్‌లో పొడవు అడిగితే 6 అంటుంది, యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. నాలుగో గుర్తు దగ్గర కత్తిరిస్తే తెర మీద మిగిలేది ‘స్త్’. కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టే నియమాల్లోనూ తేడా ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా లెక్కిస్తుంది, అంతకు ముందరి నియమాల ప్రకారం అదే ‘స్త్రీ’ మూడు ముక్కలు. రెండు కంప్యూటర్లలో రెండు వెర్షన్ల లైబ్రరీలుంటే ఒకే ప్రోగ్రామ్ రెండు జవాబులిస్తుంది.

ఇదంతా పండితులకు మాత్రమే కావాల్సిన విషయమనుకుంటే పొరపాటు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి చేర్చిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అంత పెద్ద సంస్థ పరీక్షల్లోనూ ఆ కూర్పు దొరకలేదు.

కాబట్టి తెలుగు మాడ్యూళ్ల స్కిల్ ఫైల్‌లో ‘స్త్రీ’, ‘జ్ఞా’ పరీక్ష మాటలుగా ఉండాలి. ఇంటిపేరు ముందు వస్తుందనీ, పేరును ఇంగ్లీషు పద్ధతిలో రెండు గడుల్లో ఇరికించవద్దనీ ఉండాలి. లక్షను 1,00,000 అని చూపాలని ఉండాలి. ‘౨౦౨౫’ అని తెలుగు అంకెల్లో టైప్ చేస్తే పైథాన్ దాన్ని సంఖ్యగా తీసుకుంటుందనీ, జావాస్క్రిప్ట్ తీసుకోదనీ ఉండాలి. ఇవి అసిస్టెంట్‌కు బొత్తిగా తెలియవని కాదు. అడిగితే చాలావరకు చెబుతుంది. అడగనిదే గుర్తు చేసుకోదు, దాని అలవాటు ఇంగ్లీషు లెక్కలే.

ఇంత చెప్పాక పీటర్ నౌర్ పేరు తలచుకోకపోతే అన్యాయం. డెన్మార్క్‌కు చెందిన ఈ కంప్యూటర్ శాస్త్రవేత్త 1985లో ఒక వ్యాసం రాశాడు. అందులోని ఉదాహరణ ఇది: ఒక బృందం కట్టిన కంపైలర్‌ను మరో బృందం పెంచబోయింది. వారి దగ్గర పూర్తి కోడ్ ఉంది, విపులమైన పత్రాలు ఉన్నాయి, సలహాకు మొదటి బృందం కూడా ఉంది. అయినా రెండో బృందం తెచ్చిన మార్పులు చాలాసార్లు అసలు కట్టడంలోని బలాన్ని పట్టించుకోకుండా పైన అతికించినట్టే ఉన్నాయి. మొదటి బృందం వాటిని చూసిన వెంటనే గుర్తుపట్టి, ఉన్న కట్టడంలోనే ఇమిడే మార్గం చూపింది. ప్రోగ్రామ్ అసలు రూపం కట్టినవారి అవగాహనలో ఉంటుందని, దాన్ని పూర్తిగా కాగితం మీద పెట్టలేమని నౌర్ తేల్చాడు. స్కిల్ ఫైల్‌కూ ఈ హద్దు ఉంది. ఫైల్ ఉంది కదా అని అసిస్టెంట్ రాసిన మాడ్యూల్‌ను చదవకుండా కలిపేస్తే రెండో బృందం చేసిన పనే మళ్లీ జరుగుతుంది. ఊరూపేరూ తెలియనివారి స్కిల్‌ను తెచ్చి వాడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. అందులోని స్క్రిప్టు మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది, అందులోని ఆదేశాలను అసిస్టెంట్ మన ఆదేశాలుగానే పాటిస్తుంది.

ఈ ఫైళ్లు రాసే పని సీనియర్లదేనని చాలా ఆఫీసుల్లో అనుకుంటారు. కొత్తగా చేరినవారికే అది బాగా నప్పుతుంది. పదేళ్లుగా అక్కడున్నవారికి తమకు తెలిసినదంతా అందరికీ తెలిసినట్టే ఉంటుంది, ఏది రాయలేదో వారికి కనబడదు. చేరిన మొదటి నెలల్లో ప్రతి గోడకూ తగులుకునే వ్యక్తికి మాత్రం ఆ ఖాళీలన్నీ తెలుసు. ఫైల్ లేకుండా ముందు అసిస్టెంట్‌తో పని చేయించాలి, ఎక్కడ తప్పిందో చూడాలి, ఆ తప్పును ఆపే వాక్యం మాత్రమే రాయాలి, మళ్లీ అదే పని చేయించి చూడాలి. తర్వాత దాన్ని సీనియర్ ముందు పెట్టి ‘ఇది ఇంతేనా?’ అని అడగాలి. వచ్చే జవాబులోనే ఇంకో నాలుగు వాక్యాలు దొరుకుతాయి.

తెలుగులో ఇంకా ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిన సంగతులున్నాయి. బడి వర్ణమాలలో ‘ళ’ అక్షరం ‘హ’ తర్వాత వస్తుంది. యూనికోడ్ సంఖ్యల వరుసలో అది ‘వ’ కంటే ముందే ఉంది. ‘క్ష’ బడి వర్ణమాల చివర్లో ఉంటుంది, కంప్యూటర్‌కు అది ‘క’తో మొదలయ్యే కూర్పు. నిఘంటువు మాడ్యూల్ కట్టేవారికి ఒక వరుస కావాలి, ఓటర్ల జాబితా కట్టేవారికి బహుశా మరొకటి. ఎవరికి ఏది కావాలో వాడేవారిని అడిగి, ఎందుకో కారణం కూడా రాసి, ఆ ఫైల్‌ను నలుగురికీ అందేలా పెట్టాలి. ఆ పని ఈ రోజు పట్టా అందుకుంటున్న ఈ బ్యాచ్ వారే మొదలుపెట్టవచ్చు.