ఇఫ్ కిందికి ఎన్ని వరుసలు?



ఈ సాయంత్రం ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఇఫ్. "వాన వస్తే గొడుగు తీసుకెళ్ళు" అంటాం కదా, అందులోని "వస్తే" అన్నమాట. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తీర్చిదిద్దిన సి భాషలో ఇఫ్ అని రాసి, బ్రాకెట్లలో షరతు పెట్టి, ఆ తర్వాత పని రాస్తాం. షరతు విలువ సున్నా అయితే అబద్ధం. ఒకటైనా, మైనస్ ఏడైనా, సున్నా కానిదేదైనా నిజమే.

ఇఫ్ కిందికి వచ్చేది ఒకే ఒక్క వాక్యం. ఎక్కువ కావాలంటే ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టాలి. మనం వరుసను కాస్త లోపలికి జరిపి రాస్తే ఇఫ్ కిందిదే అనిపిస్తుంది. కానీ మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఆ ఖాళీలను లెక్కచెయ్యదు.

2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ ఐఫోన్లలో బయటపడ్డ లోపం ఇదే. మీరు బ్యాంకు సైటు తెరిస్తే, అవతల ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా అని ఫోను ఒక డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. ఆ పని చేసే ఫంక్షన్‌లో వరసగా ఇఫ్‌లు ఉన్నాయి. ఎక్కడ తప్పు దొరికినా "గోటూ ఫెయిల్", అంటే మిగతాది వదిలేసి చివరికి దూకెయ్యి అని. ఒకచోట ఆ వరుస రెండుసార్లు పడింది, ఒకదాని కింద ఒకటి, సమానంగా జరిపి. మొదటిది ఇఫ్‌ది. రెండోది షరతుతో నిమిత్తం లేకుండా ప్రతిసారీ దూకింది. అప్పటికి తప్పు సంఖ్య సున్నాగానే ఉంది, అక్కడ సున్నా అంటే "అంతా సవ్యం". సంతకం చూడకుండానే సరే అనేసింది!

అది పొరపాటు. 2003లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ కోడ్ ప్రతి ఒకదానిలో జరిగింది మాత్రం దొంగపనే. ఎవరో రెండు వరుసలు చొప్పించారు. పైపైన చూస్తే "ఈ యూజర్ సంఖ్య సున్నానా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది. అడగాలంటే రెండు ఈక్వల్స్ గుర్తులుండాలి. అక్కడ ఉన్నది ఒకటే. ఒకటైతే అడగడం కాదు, సున్నా చేసెయ్యడం. లినక్స్‌లో సున్నా అంటే రూట్, యంత్రం మీద సర్వాధికారి. పైగా పెట్టిన విలువ సున్నా గనక ఇఫ్‌కు అది అబద్ధం, కింది వరుస నడవదు, ఎర్రరూ రాదు. ఆ నేర్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. అసలు ప్రతితో తేడా కనిపించి పట్టుబడింది.

2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్, వార్నింగులన్నీ ఆన్ చేస్తే, ఆపిల్ కోడ్‌లోలాగా మోసపుచ్చేలా జరిపిన వరుసను పట్టి చూపిస్తుంది. ఇక్కడున్న ఇంజనీరింగ్ పిల్లలు రేపు ల్యాబ్‌లో ఒక ఇఫ్ కింద రెండు వరుసలు సమానంగా లోపలికి జరిపి, ఫ్లవర్ బ్రాకెట్లు లేకుండా రాసి చూడండి. అది ఏమంటుందో చదవండి.